కలుగులోకి పోయే పాము

ఒక నల్లతాచు. పొడవు 80 అంగుళాలు. కలుగులోకి దూరుతోంది. రోజులో పద్నాలుగింట అయిదు వంతులు గడిచేసరికి ఏడున్నర అంగుళాలు లోపలికి జరుగుతుంది. ఇంతవరకూ చిక్కేమీ లేదు. కానీ రోజులో పావు వంతు గడిచేసరికల్లా దాని తోక రెండు ముప్పావు అంగుళాలు పెరుగుతుంది. ముందు తల లోపలికి పోతూ ఉంటుంది, వెనక తోక సాగుతూ ఉంటుంది. మరి పాము మొత్తం కలుగులోకి పోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఈ లెక్క కట్టినవాడు మహావీరాచార్యుడు. క్రీ.శ. 850 ప్రాంతపు జైన గణితవేత్త. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుణ్ణి పొగుడుతూ తన ‘గణితసారసంగ్రహం’ మొదలుపెట్టాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మాల్ఖేడ్, కర్నూలుకు వాయవ్యంగా కృష్ణ దాటి పోతే వస్తుంది. పుస్తకం సంస్కృతంలో ఉన్నా మనకు పరాయిది కాదు. తెలుగులో మనకు తెలిసిన మొదటి గణిత గ్రంథం, పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితం’, దీనికి అనువాదమే. మల్లన జైన ప్రస్తావనలు తీసేసి శివుణ్ణి తెచ్చాడు, లెక్కల్ని తెలుగు పద్యాల్లో కూర్చాడు. సంస్కృత మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో కలిపి ఎం. రంగాచార్య 1912లో మద్రాసులో అచ్చు వేయించారు.

పాము లెక్క త్రైరాశిక ప్రకరణంలో వస్తుంది. చూడగానే భిన్నాల ముళ్లకంపలా భయపెడుతుంది. కానీ ఒక్కరోజుకు ఎంత అని లెక్క వేసి చూడండి. ఏడున్నర అంటే 15/2. దాన్ని 5/14తో భాగించడమంటే 14/5తో గుణించడం. 15లో 5 మూడుసార్లు పోయింది, 14లో 2 ఏడుసార్లు పోయింది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. పాము రోజుకు 21 అంగుళాలు లోపలికి పోతోంది. తోక పావురోజులో 11/4 పెరిగితే రోజుకు 11 పెరిగినట్టు. 21లో 11 పోతే 10. ఎనభైని పదితో భాగిస్తే ఎనిమిది. ఎనిమిది రోజులు!

కంప అంతా ఎటు పోయింది? ఒక్క ముల్లు మిగల్లేదు. ఊరికే కుదిరిన సంగతి కాదిది. లెక్క కట్టినవాడు జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచాడని నా నమ్మకం. ముందు ఎనిమిది రోజులు అనుకున్నాడు. రోజుకు పది అనుకున్నాడు. ఆ పదిని 21కీ 11కీ తేడాగా విడదీశాడు. తర్వాత 21ని ఒక భిన్నాన్ని మరో భిన్నంతో భాగించే వేషంలో దాచాడు, 11ని పావుల్లోకి చీల్చాడు. ప్రొద్దుటూరు కంసాలి నగలో అతుకు పెట్టినట్టు, ఎక్కడ కలిపాడో పైకి కనబడదు. విప్పేవాడికి మాత్రం ఒక్కో మెట్టు దిగేకొద్దీ అంకెలు చిన్నవవుతాయి, సరైన దారిలోనే పోతున్నామని ధైర్యం వస్తుంది. మంచి లెక్క తన జవాబును తానే సమర్థించుకుంటుంది.

ఇదంతా పద్యంలో, ఛందస్సులో చెప్పాడని మరవకూడదు. పద్నాలుగింట అయిదు వంతుల్ని గణాల్లో ఇమడ్చడం ఎంత ఇరుకైన పనో పద్యం రాసినవాళ్లకు తెలుస్తుంది. అంకె మారిస్తే ఛందస్సు చెడుతుంది, మాట మారిస్తే లెక్క చెడుతుంది.

ఇక విప్పడంలోని పనితనం. తెలివైన పిల్లవాడే అయినా ఈ లెక్క ముందు మామూలుగా ఇలా పోతాడు: 80 అంగుళాల పాము రోజుకు 21 చొప్పున పోతే దాదాపు 3.8 రోజులు. ఆ 3.8 రోజుల్లో తోక ఎంత పెరిగింది? దాదాపు 42 అంగుళాలు. ఆ 42 పోవడానికి మరో రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో మరో 22. అవి పోవడానికి ఒక రోజు పైచిలుకు. అందులో మళ్లీ పదకొండున్నర. ఇది ఎప్పటికి తెగేను? మిగిలేది ప్రతిసారీ సగానికి కాస్త పైగా ఉంటుంది, తరుగుతుంది గానీ సున్నా కాదు. అనంత శ్రేణిని కూడటం వచ్చినవాడు ఈ దారినే పోయి ఎనిమిదికి చేరతాడు. రానివాడు నడిమధ్యలో దిగబడతాడు.

మహావీరుడు ముందే చెప్పిన సూత్రం ఈ సుడిలోకి దిగనివ్వదు. ముందుకు పోయేదాన్ని దాని కాలంతో, వెనక్కి లాగేదాన్ని దాని కాలంతో భాగించు, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి, తర్వాత త్రైరాశికం చెయ్యి. అంతే. దాని వెనక ఉన్న చూపు గొప్పది. తల ఎక్కడిదాకా పోయిందో వదిలెయ్యి. తోక ఏ కొసకు సాగిందో వదిలెయ్యి. కలుగు మూతి దగ్గర కూర్చుని, బయట మిగిలిన పామును మాత్రం చూడు. ఇవాళ 80, రేపు 70, ఎల్లుండి 60. రెండు కదలికలున్న లెక్క ఒక్క కదలికకు వచ్చేసింది. తాళా చూసుకోవడమూ సులువే. ఎనిమిది రోజుల్లో లోపలికి పోయింది 168 అంగుళాలు. మొదటి 80కి ఎనిమిది రోజుల్లో పెరిగిన 88 కలిపితే అదే 168.

పాతకాలపు అంగుళం వేలి వెడల్పు, సుమారు ముప్పావు ఇంచి. ఆ లెక్కన 80 అంగుళాలంటే అయిదడుగుల తాచు, నల్లమల అంచు ఊళ్లలో ఎవరిని అడిగినా ఒప్పుకునే పొడవు. రోజుకు రెండు జానలకు కాస్త తక్కువ కదిలి ఎనిమిది రోజులకు పదిన్నర అడుగులయ్యే పామును మాత్రం ఎవరూ ఒప్పుకోరు. పోనిద్దురూ, ఆచార్యుడికి కావలసింది తోక పెరగడమే.

సాపేక్ష వేగం అని మన పాఠ్యపుస్తకాలు పేరు పెట్టిన విషయమంతా, నా దృష్టిలో, కూర్చునే చోటు వెతుక్కోవడమే. చోటు దొరికితే లెక్క సగం కాదు, ముప్పాతిక అయిపోయినట్టే. దొరకకపోతే ఎక్స్‌లూ వైలూ పేజీ నిండా పరుచుకుంటాయి.

ఆ పుస్తకంలోనే ఇంకో లెక్క ఉంది. పాము లెక్క కంటే ఇది నాకు ఇంకా ఇష్టం. ఒకడు రోజూ 21 చొప్పున నిలకడగా నడుస్తాడు. రెండోవాడు మొదటిరోజు 3, ఆపైన ప్రతిరోజూ 8 చొప్పున పెంచుకుంటూ పోతాడు. ఇద్దరూ ఎప్పుడు కలుస్తారు? సూత్రం ఒక ముక్క: నిలకడ నడకలోంచి మొదటిరోజు నడక తీసెయ్యి, పెరుగుదలలో సగంతో భాగించు, ఒకటి కలుపు. 21లో 3 పోతే 18, నాలుగుతో భాగిస్తే నాలుగున్నర, ఒకటి కలిపితే అయిదున్నర రోజులు.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? నిలకడ మనిషి భుజం మీద కూర్చోండి. అతను కదలడం లేదనుకోండి. రెండోవాడు మొదటిరోజు 18 వెనకబడ్డాడు, రెండోరోజు 10, మూడోరోజు 2. అక్కడితో కుంగడం ఆగింది. నాలుగోరోజు 6 పుంజుకున్నాడు, అయిదోరోజు 14, ఆరోరోజు 22. మొత్తం కూడితే వెనకబాటు 18, 28, 30, ఆపైన 24, 10. ఆరోరోజు మధ్యలో ఎక్కడో కలుస్తాడు. ఇంకోలా చూస్తే, కలిసే నాటికి రెండోవాడి సగటు నడక 21 అయి తీరాలి. రోజూ సమానంగా పెరిగేదానికి సగటు మొదటిదానికీ చివరిదానికీ నట్టనడుమ ఉంటుంది. మొదటిది 3, సగటు 21, కాబట్టి చివరిది 39. మూడు నుంచి ముప్పైతొమ్మిదికి 36, ఎనిమిదేసి చొప్పున నాలుగున్నర మెట్లు. మొదటిరోజుతో కలిపి అయిదున్నర. పెరుగుదలలో సగంతో ఎందుకు భాగించమన్నాడో ఇక అడగక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక. రెండోవాడు ఒక్కోరోజు పొడుగునా ఒకే వేగంతో నడుస్తాడనుకుంటే, ఆరోరోజు పొద్దున వెనకబాటు 10, ఆనాటి వేగాల తేడా 22. పదిని ఇరవైరెండుతో భాగిస్తే 5/11. జవాబు అయిదున్నర కాదు, అయిదూ పదకొండింట అయిదు రోజులు. తేడా రోజులో ఇరవైరెండో వంతు, గంటకు పైమాటే. మహావీరుడు తప్పాడని కాదు. ఆయన శ్రేణి సూత్రాన్ని పూర్తి రోజుల దగ్గర ఆపకుండా అరరోజు లోపలికీ సాగదీశాడు. రోజు మారగానే వేగం దుమికే మనిషి కాడు ఆయన మనిషి, నడుస్తుండగానే వేగం పెంచుకునే మనిషి. జవాబు పూర్ణసంఖ్య వచ్చేలా అంకెలు పెట్టి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. పాము లెక్కలో అంత నున్నగా చెక్కినవాడు ఇక్కడ అరరోజును కావాలనే ఉంచాడనిపిస్తుంది.

అదే పుస్తకంలో తామరపువ్వు లెక్క కూడా ఉంది. బావి అడుగు నుంచి తామర తూడు పైకి పెరుగుతోంది. నీళ్లు ఒకవైపు తోడడం వల్ల తగ్గుతున్నాయి, మరోవైపు ఎండకు ఇగిరిపోతున్నాయి. చాలదన్నట్టు అడుగున తాబేలు తూడును కిందికి లాగుతోంది. పువ్వూ నీళ్ల మట్టమూ ఎప్పుడు కలుస్తాయి? నాలుగు కదలికలు, రెండు పైకీ కిందికీ పువ్వువి, రెండు నీళ్లవి. కపిల తోలిన బావుల సీమలో, ఎండాకాలం మట్టం రోజుకింత దిగడం చూసిన రైతుకు ఈ లెక్క కట్టుకథలా అనిపించదు, తాబేలు సంగతి తప్ప.

అసలీ సూత్రం మహావీరుడి కంటే పాతది. ఆర్యభటుడు 499 నాటి ‘ఆర్యభటీయం’ గణితపాదంలో ఒక్క శ్లోకంలో తేల్చేశాడు. ఎదురెదురుగా వచ్చేవాటి మధ్య దూరాన్ని గతుల మొత్తంతో భాగించు, ఒకే దిక్కున పోయేవాటి మధ్య దూరాన్ని గతుల తేడాతో భాగించు. ఆయన మనసులో ఉన్నది బస్సులూ రైళ్లూ కాదు, గ్రహాలు. మన ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం ఇప్పటికీ ఆ తేడా మీదే నడుస్తోంది. చంద్రుడు ఆకాశంలో రోజుకు సగటున 13.18 డిగ్రీలు జరుగుతాడు, సూర్యుడు 0.99 డిగ్రీ. సూర్యుడి మీద కూర్చుని చూస్తే చంద్రుడు రోజుకు 12.19 డిగ్రీలు దూరమవుతున్నాడు. చుట్టు మొత్తం 360 డిగ్రీలను 12.19తో భాగిస్తే 29.53 రోజులు, అమావాస్యకూ అమావాస్యకూ మధ్య కాలం. ఇద్దరి మధ్య ప్రతి 12 డిగ్రీల ఎడానికి ఒక తిథి. అందుకే తిథి సగటున రోజు కన్నా కాస్త చిన్నది, 23 గంటల 37 నిమిషాలు. చంద్రుడి వేగం మాత్రం ఒక్కలా ఉండదు కాబట్టి ఒక తిథి 20 గంటలకే ముగుస్తుంది, ఇంకోటి 26 గంటలు దాటుతుంది. పండగ ఇవాళా రేపా అని ఏటా జరిగే తగవుకు మూలం ఈ సాపేక్ష వేగమే.

గ్రహాల నుంచి కాలవకు దిగుదాం. పడవలూ ప్రవాహాల లెక్కలకు రాయలసీమలో చోటెక్కడిదని నవ్వేవాళ్లుంటారు. కేసీ కెనాల్ ఉంది కదా. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయల్దేరి, కర్నూలులో హంద్రీని దాటి, నంద్యాల మీదుగా కుందూ లోయ వెంబడి కడప దాకా 300 కిలోమీటర్ల పైన పోయే కాలవ. ఆర్థర్ కాటన్ ఆలోచన, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం. 1863లో మొదలై 1870 నాటికి తయారైంది. సాగుతో పాటు సరుకుల పడవలకూ పనికొస్తుందని తవ్వారు, అందుకే లాకులు కట్టారు. కంపెనీ లెక్కలు మాత్రం కుదరలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. పడవలు పోయి చాలాకాలమైంది. కాబట్టి ఈ పడవ నా ఊహ.

పడవ ఎదురీదుతూ పోతోంది. ఒక వంతెన కింద అందులోంచి సొరబుర్ర ఒకటి నీళ్లలో పడింది. పడవవాడు చూసుకోలేదు. అరగంట పోయాక చూసుకుని, అక్కడికక్కడే తిప్పి, అదే జోరుతో వెనక్కి వచ్చి, వంతెనకు 2 కిలోమీటర్ల దిగువన బుర్రను అందుకున్నాడు. కాలవ నీళ్ల వేగం ఎంత?

బడిలో నేర్పే దారిలో పడవ వేగం ఎక్స్, నీళ్ల వేగం వై. ఎదురీతలో ఎక్స్ మైనస్ వై, వాలులో ఎక్స్ ప్లస్ వై. రెండు సమీకరణాలు రాసి, బ్రాకెట్లు విప్పి, అటుదిటు ఇటుదటు చేస్తే వై పదాలన్నీ కొట్టుకుపోయి, చివరికి రెండువైపులా ఉన్న ఎక్స్ కూడా పోతుంది. తిరుగు ప్రయాణానికీ అరగంటే పట్టిందని తేలుతుంది. అంత కష్టపడి రాసుకున్న పడవ వేగం ఎందుకు మాయమైంది? బీజగణితం చెప్పదు. నీళ్ల మీద కూర్చుంటే తెలుస్తుంది. నీళ్లతో పాటు పోతున్నవాడికి నీళ్లు నిలకడే, బుర్ర పడ్డచోటే ఉంది. కదిలేది గట్టు, వంతెన. పడవ బుర్రను వదిలి అరగంట పోయింది, అదే వేగంతో వెనక్కి వస్తే మళ్లీ అరగంట. మొత్తం ఒక గంట. ఆ గంటలో బుర్ర గట్టుతో పోలిస్తే 2 కిలోమీటర్లు కొట్టుకుపోయింది. నీళ్ల వేగం గంటకు 2 కిలోమీటర్లు. పడవ ఎంత జోరుగా పోతుందో లెక్కలో చెప్పకుండా దాచిపెట్టడమే దీన్ని కట్టినవాడి నైపుణ్యం. చెప్పి ఉంటే అందరూ దాన్ని పట్టుకుని వేలాడేవాళ్లు.

ఈ విద్య ఇవాళ మన సీమలో ఎక్కువగా వినబడే చోటు నంద్యాల. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయిన ఈ ఊరు బ్యాంకు పరీక్షల కోచింగుకు ఎప్పటినుంచో పేరు. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి, హాస్టళ్లలో ఉండి, ‘టైమ్ అండ్ డిస్టెన్స్’, ‘ట్రైన్స్’, ‘బోట్స్ అండ్ స్ట్రీమ్స్’ అని అధ్యాయాల పేర్లు ఇంగ్లీషులోనే చెప్పుకుంటూ రుబ్బుతుంటారు. క్లర్కు పరీక్ష మొదటి అంచెలో 35 లెక్కలకు 20 నిమిషాలు ఇచ్చే పద్ధతి. ఒక్కోదానికి 35 సెకన్లు కూడా రావు. ఇక్కడ ఎక్స్, వై రాసుకుంటూ కూర్చునేవాడి పని అయినట్టే. ఈ తొందర వల్ల చదువు చెడిందని కొందరంటారు. పూర్తిగా ఒప్పుకోను. తొందర ఒక మంచి పని చేసింది, కూర్చునే చోటు వెతుక్కోకపోతే గతిలేని స్థితికి తెచ్చింది.

రైళ్ల లెక్క చూడండి. 180 మీటర్ల బండి గంటకు 54 కిలోమీటర్లతో, 220 మీటర్ల బండి 90తో ఎదురెదురుగా వస్తున్నాయి. ఒకదాన్నొకటి పూర్తిగా దాటడానికి ఎంతసేపు? గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చడానికి 5/18తో గుణిస్తారని అందరికీ వచ్చు. అలవాటు పడిన చెయ్యి విడివిడిగా మార్చదు. ముందు 54, 90 కలిపి 144 అంటుంది, ఒక్కసారే మారుస్తుంది, సెకనుకు 40. పొడవులు కలిపితే 400. పది సెకన్లు. ఈ లెక్కల్లో 36, 54, 72, 90 అనే వేగాలే మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయో గమనించారా? అన్నీ పద్దెనిమిది గుణిజాలు. కట్టినవాడు ఇక్కడా జవాబు నుంచి వెనక్కే నడిచాడు. మహావీరుడి పాముకు దూరపు చుట్టాలివి, ఆ సొగసు లేదంతే.

నేర్పున్న మాస్టారు ఇక్కడితో ఆగడు. అదే లెక్కలో చిన్న బండి కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి పెద్ద బండి ఎంతసేపు కనబడుతుంది అంటాడు. క్లాసులో సగం మంది మళ్లీ పది అంటారు. కాదు, అయిదున్నర సెకన్లు. కిటికీకి పొడవు లేదు, దాటాల్సింది 220 మీటర్లే. బండి బండిని దాటడం వేరు, మనిషిని దాటడం వేరు. బోర్డు మీద రెండు గీతలూ ఒక చుక్కా గీసి ఈ తేడా చూపించే మాస్టారు, పది షార్ట్‌కట్లు చెప్పేవాడి కన్నా మేలు.

గైడుల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. అందులో సరదాగా నడిచేవాడు ఒక్కోసారి గంటకు 25 కిలోమీటర్లు నడుస్తాడు, దొంగ పోలీసు కన్నా ముందు గంట పరుగెత్తినా రొప్పడు. పాము రోజుకు పదకొండు అంగుళాలు పెరిగితే అది కథ. మనిషి గంటకు పాతిక కిలోమీటర్లు నడిస్తే అది అశ్రద్ధ. జవాబు వచ్చాక అది కుదిరే జవాబేనా అని చూసుకునే అలవాటు ఇలాంటి లెక్కల వల్లే పోతోంది. కర్నూలులో 6 గంటలకు బస్సు 50 వేగంతో, కడపలో 7 గంటలకు కారు 70 వేగంతో బయల్దేరాయనుకోండి, మధ్య దూరం 210. బస్సు ఒంటరిగా గంటసేపు పోయింది, మిగిలినవి 160, ఇద్దరూ కలిసి గంటకు 120 తింటున్నారు. గంటా ఇరవై నిమిషాలు. 8 గంటల 20 నిమిషాలకు కర్నూలుకు 117 కిలోమీటర్ల దగ్గర కలుస్తారు. అంటే ఆళ్లగడ్డ దరిదాపులు. లెక్కలో ఊరు కనబడాలి. ఎక్కడో పొరబడి 240 వచ్చిందనుకోండి, అదెక్కడ, కడప దాటిపోయింది కదా అని తట్టాలి.

ఇదే రోడ్డు మీద ఇంకో లెక్క. దీని తీరు చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఒక బస్సు కర్నూలు నుంచి, ఒకటి కడప నుంచి ఒకేసారి బయల్దేరాయి. కర్నూలుకు 90 కిలోమీటర్ల దగ్గర ఎదురుపడ్డాయి. ఎవరి దారిన వాళ్లు పోయి, కొస చేరి, ఒక్క నిమిషం ఆగకుండా వెనక్కి తిరిగి మళ్లీ ఎదురుపడ్డాయి. ఈసారి కడపకు 60 కిలోమీటర్ల దగ్గర. వేగాలు చెప్పను, గంటలు చెప్పను. కర్నూలుకూ కడపకూ దూరమెంత?

అమెరికాలో పజిళ్ల రాజు అనిపించుకున్న శామ్ లాయిడ్ రేవు పడవలతో ఇలాంటిదే కట్టాడు. 720 గజాలు, 400 గజాలు పెట్టి, నది వెడల్పు సరిగ్గా 1760 గజాలు, ఒక మైలు వచ్చేలా చేశాడు. ఈ రకానికి మెట్టు మన మహావీరుడి దగ్గరే ఉంది. ఒకేచోట బయల్దేరిన ఇద్దరిలో చురుకైనవాడు కొస దాకా పోయి తిరిగి వస్తూ రెండోవాణ్ణి కలిస్తే, ఇద్దరూ కలిసి నడిచింది దూరానికి సరిగ్గా రెట్టింపు, దాన్ని వేగాల మొత్తంతో భాగిస్తే కాలం వస్తుంది అన్నాడు.

మన బస్సుల లెక్కలో కూర్చోవడానికి ఏ బస్సూ పనికిరాదు. రెండిటినీ కలిపి చూసేంత ఎత్తులో కూర్చోవాలి. మొదటిసారి ఎదురుపడేసరికి రెండూ కలిసి రోడ్డును ఒకసారి కొలిచాయి. అవతలి కొసలకు చేరేసరికి రెండోసారి కొలిచాయి. మళ్లీ కలిసేసరికి మూడోసారి. రోడ్డు పొడవు ఎంతైనా, ఒకసారి కొలవడానికి పట్టే కాలానికి మూడింతలు. మొదటి విడతలో కర్నూలు బస్సు 90 పోయింది, కాబట్టి మూడు విడతల్లో 270. అదెక్కడుంది? కడప చేరి 60 వెనక్కి వచ్చింది. 270లోంచి 60 తీసేస్తే 210. ఒక్క కూడికా లేదు, ఒక గుణకారం, ఒక తీసివేత. సరిచూడాలంటే కడప బస్సు కదలికలు చూడండి. మూడు విడతలకు 120 చొప్పున 360 పోయింది, కర్నూలు దాకా 210, అక్కణ్ణుంచి 150. కర్నూలుకు 150 అంటే కడపకు 60. అసలు రోడ్డు దూరమూ 200 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది కాబట్టి బస్సెక్కినవాడికీ అభ్యంతరం ఉండదు. విడతల్ని వేర్వేరుగా పట్టుకున్నవాడికి ఈ లెక్క రాదు. గంటల్నీ వేగాల్నీ అసలు అడగాలనిపించకుండా చెయ్యడమే దీని గొప్ప.

రైళ్లు మాత్రం పుస్తకం మాట వినవు. నంద్యాల నుంచి బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్లకు 2016లో తెరిచిన లైను ఉంది. అది ఒంటి లైను. ఎదురెదురుగా రెండు బండ్లు అక్కడ నడిదారిలో కలవవు, కలవకూడదు. కాగితం మీద కోయిలకుంట్లకూ సంజామలకూ నడుమ ఎక్కడో కలుస్తాయని తేలితే, ఆ చోటుకు ఇటున్న స్టేషన్‌లోనో అటున్న స్టేషన్‌లోనో ఒక బండి లూపు లైన్లోకి దిగి నిలబడాలి. లెక్కలో మనం ఊహించి ఆపుతాం, ఇక్కడ నిజంగానే ఆపుతారు. ఏ బండి ఆగితే ఇద్దరి ఆలస్యం కలిపి తక్కువ అవుతుంది? ముందు చేరేది ఆగాలా, వెనక ఇంకో బండి తరుముకొస్తున్నది ఆగాలా? స్టేషన్ల మధ్య దూరాలు, వేగాలు, ఆగిన బండి మళ్లీ జోరందుకోవడానికి పట్టే నిమిషాలు ఇస్తే నంద్యాల హాస్టళ్లలోని పిల్లలు సాయంత్రానికల్లా తేల్చేస్తారు. ఇలాంటి లెక్క ఒక్కటీ ఏ గైడులోనూ నాకు కనబడలేదు. కట్టేవాడికి పది నిమిషాల పని, ఎర్రగుంట్ల టైమ్‌టేబులు ఒకటి చేతిలో ఉంటే చాలు.